ప్రోపోలిస్ చుక్కలు అమ్మకు వాడొచ్చా? నోటి పూత, షుగర్, పెట్టెల్లోని జిగురు గురించి

కడప దగ్గర చీనీ తోట ఉన్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది, కుదించి రాస్తున్నాను. వాళ్ల అమ్మగారికి 62 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, దానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. నెలకోసారైనా నోరు పొక్కుతోంది, చలికాలంలో గొంతు నొప్పి కూడా. ఒక ఎగ్జిబిషన్‌లో ప్రోపోలిస్ (తేనెటీగలు పెట్టెల్లో పూసే జిగురు) చుక్కల సీసా కొన్నారు. అమ్మినాయన ఇది తాగితే షుగర్, థైరాయిడ్, గడ్డలు అన్నీ తగ్గుతాయని, నెమ్మదిగా మాత్రలు ఆపేయొచ్చని చెప్పాడట. తోటలో ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు కూడా ఉన్నాయి కాబట్టి, ఫ్రేములకు (తుట్టె కట్టే చట్రాలకు) అంటుకునే ఆ జిగురు గోకి మేమే వాడుకుంటే సరిపోదా అనేది రెండో ప్రశ్న.

నేను ఫార్మసీ చదివి అనంతపురంలో మందుల షాపు నడుపుతున్నాను. ధర్మవరం వైపు మా కుటుంబానికి ఉన్న తోటలో తేనెటీగల పెట్టెలు చూసుకునేదీ నేనే. ప్రోపోలిస్ నాకు సీసాలోనూ తెలుసు, పెట్టెలోనూ తెలుసు. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. నోటి పూత మీద, పెదవి అంచున లేచే నీటి పొక్కుల మీద పైపూతగా ప్రోపోలిస్ పనికొస్తుంది. షుగర్‌కు, థైరాయిడ్‌కు, గడ్డలకు మందు అనుకుని తాగడానికి పనికిరాదు. మాత్రలు ఒక్కరోజు కూడా ఆపొద్దు. పెట్టెలో గోకిన జిగురు నేరుగా నోట్లో పెట్టొద్దు. వీటన్నిటికంటే ముందు అమ్మగారికి బి12 పరీక్ష చేయించండి. కారణం కింద చెప్తాను.

అసలిది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచి, బెరడు గాట్ల నుంచి కారే జిగురును కాళ్లకు అంటించుకుని తెచ్చి, మైనం కలిపి, పెట్టెలో సందులు పూడుస్తాయి. తుమ్మ బంకలా నీళ్లలో కరిగేది కాదు, గుగ్గిలంలా నీటికి కరగని జాతి. సుమారుగా సగం జిగురు, మూడో వంతు దాకా మైనం, మిగతాది సువాసన నూనెలు, పుప్పొడి వగైరా. మన ఎండాకాలంలో పెట్టె మూత లేపితే తీగలా సాగుతుంది, డిసెంబరు పొద్దున అయితే పెళుసుగా విరిగిపోతుంది. పెట్టెలో ఎలుకో బల్లో చచ్చి, ఈగలు బయటికి ఈడ్చలేకపోతే, దాని మీదంతా ఈ జిగురు పూసేస్తాయి. అది కుళ్లదు, వాసన రాదు. బ్యాక్టీరియాను, బూజును అణిచే గుణం దీనికి నిజంగానే ఉంది. ప్రాచీన గ్రీకు, రోమన్ వైద్యులు పుండ్లకు వాడారంటే కారణం ఇదే.

అయితే ఈ గుణమంతా జిగురుది, అంటే చెట్టుది. ఈగ దాన్ని మోసుకొస్తుంది, కలుపుతుంది, అంతే. చెట్టు మారితే ప్రోపోలిస్ మారిపోతుంది. యూరప్‌లో ఈగలు ఎక్కువగా పాప్లార్ చెట్టు మొగ్గల నుంచి తెస్తాయి, అందులో పినోసెంబ్రిన్, గాలంగిన్, క్రైసిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు (ఒక రకం మొక్కల పదార్థాలు) ఉంటాయి. బ్రెజిల్‌లో దొరికే పచ్చ ప్రోపోలిస్ బాకారిస్ అనే పొద నుంచి వస్తుంది, దానిలో ముఖ్యమైనది ఆర్టెపిలిన్ సి అనే వేరే పదార్థం. ఊరుబిండి (రోటి పచ్చడి) అని పేరు ఒకటే అయినా ఏ ఇంటి రుచి ఆ ఇంటిదే కదా, ఇదీ అంతే. మీరు ఇంటర్నెట్‌లో చదివే పరిశోధనల్లో చాలావరకు ఈ పాప్లార్ రకం మీదో, బ్రెజిల్ రకం మీదో జరిగినవి. పాప్లార్ తోటలు మన దేశంలో పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ వైపు ఉన్నాయి. రాయలసీమలో లేవు. కాబట్టి "ప్రోపోలిస్‌లో ఫలానా గుణం ఉందని నిరూపించారు" అని ఎవరైనా అంటే, ఏ ప్రోపోలిస్‌లో అని అడగాలి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ప్రోపోలిస్ ఆరోగ్య ప్రకటనలను ఒప్పుకోకపోవడానికి ఇదే పెద్ద కారణం: అందులో ఏముందో తేల్చి చెప్పనిదానికి ఫలితం ఎలా ముడిపెడతారని.

ఇక్కడే ఇంకో మాట. "నల్లమల అడవి ప్రోపోలిస్" అని రాసి ఉన్న సీసాలు నా దగ్గరికి తెచ్చి చూపించినవాళ్లు ఉన్నారు. నల్లమలలో చెంచులు తీసేది ముఖ్యంగా కొండ తేనె. కొండ తేనెటీగ బండకో కొమ్మకో ఒక్కటే పెద్ద తుట్టె బాహాటంగా కడుతుంది. పూడ్చడానికి సందులు లేవు, గోడలు లేవు. దానికి ప్రోపోలిస్‌తో పెద్దగా పని లేదు. మన పుట్ట తేనెటీగ కూడా జిగురు దాదాపు తేదు. జిగురు బాగా దాచేవి కుట్టని చిన్న ఈగలు, గోడ కన్నాల్లో, చెట్టు తొర్రల్లో ఉండేవి. కానీ వాటి దగ్గర దొరికేది చాలా తక్కువ, సీసాలకు సీసాలు నింపేంత కాదు. కాబట్టి మార్కెట్లో దొరికేది దాదాపు అంతా ఇటాలియన్ ఈగల పెట్టెల నుంచి వచ్చిందే, లేదా బయటి దేశాల సరుకు. ఇటాలియన్ ఈగ మన దేశంలో నిలదొక్కుకున్నదే 1960లలో, హిమాచల్‌లోని నగ్రోటా నుంచి. మన పెద్దవాళ్ల వైద్యంలో తేనె, మైనం ఉన్నంతగా ఈ జిగురు కనబడకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుందని నేను అనుకుంటాను. "తరతరాల మన వైద్యం" అని లేబుల్ మీద ఉంటే ఆ సీసాను పక్కన పెట్టేస్తాను.

సరే, పనిచేసే చోటికి వద్దాం.

పెదవి పొక్కులు. జ్వరం వచ్చాకో, ఎండలో తిరిగాకో పెదవి అంచున గుత్తిగా నీటి పొక్కులు లేస్తాయి కదా, అవి హెర్పీస్ వైరస్ వల్ల. దీని మీదే ప్రోపోలిస్‌కు గట్టి ఆధారం ఉంది. యూరప్‌లో 0.5 శాతం ప్రోపోలిస్ క్రీమును, మామూలుగా డాక్టర్లు రాసే 5 శాతం అసైక్లోవిర్ క్రీముతో పక్కపక్కన పోల్చి చూశారు, రోజుకు ఐదుసార్లు పూసి. ప్రోపోలిస్ దానికేమీ తీసిపోలేదు, కొంచెం ముందే మానింది కూడా. నా కస్టమర్లలో ఏటా ఎండాకాలంలో ఈ పొక్కులతో వచ్చే టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. మంట మొదలైన గంటల్లోనే పూస్తే బాగా తగ్గుతోందని, పొక్కు లేచాక పూస్తే పెద్ద తేడా కనబడలేదని ఆమె చెప్పారు. అసైక్లోవిర్ విషయంలోనూ ఇంతే, మొదట్లో పూస్తేనే ఫలం. పైగా అసైక్లోవిర్ చౌక, ఏ షాపులోనైనా దొరుకుతుంది. ప్రోపోలిస్ క్రీము దొరకలేదని ఎవరూ వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

నోటి పూత. ఇక్కడ ఆధారం కాస్త తక్కువ, అయినా ఉంది. పుండు మీద పూస్తే నొప్పి తగ్గడం, ఒకట్రెండు రోజులు ముందే మానడం చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. రోజూ 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ మింగితే పూత మళ్లీ మళ్లీ రావడం తగ్గిందని అమెరికాలో 2007లో ఒక పరీక్ష వచ్చింది. కానీ అందులో పాల్గొన్నవాళ్లు చాలా కొద్దిమంది, దాన్ని పట్టుకుని నెలలకొద్దీ మింగమని నేను చెప్పను. చిగుళ్ల వాపుకు పుక్కిలించే ద్రావణంగా కూడా కొంత మేలు ఉంది. క్యాన్సర్‌కు రేడియేషన్, కీమో తీసుకునేవాళ్లకు నోరంతా పుండ్లు పడుతుంది, ఆ బాధ తగ్గించడానికి ప్రోపోలిస్ పుక్కిలింత ఉపయోగపడిందని కూడా పరీక్షలున్నాయి. ఇది క్యాన్సర్‌కు మందు కాదు, నోటి పుండుకు ఉపశమనం. అదీ చికిత్స చేస్తున్న డాక్టరును అడిగే వాడాలి.

గొంతు నొప్పి. స్ప్రే కొడితే కాసేపు హాయిగా ఉంటుంది, అంతకుమించి ఆశించొద్దు. దగ్గు, గరగరకు మామూలు తేనెకే ఇంతకంటే మంచి ఆధారం ఉంది. కాకపోతే అమ్మగారికి షుగర్ కాబట్టి తేనె లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పునీళ్లు పుక్కిలించడమే చాలు. ఇంట్లో ఏడాది లోపు పసిపిల్లలుంటే తేనె నాలుక మీద రాయనే వద్దు.

ఈ మూడింటిలో మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ చిన్న క్యాప్సూల్ పరీక్ష తప్ప, పనిచేసిన ప్రతిచోటా ప్రోపోలిస్ నేరుగా పుండును తాకుతోంది. అక్కడ దాని గాఢత ఎక్కువ, వైరస్‌కో బ్యాక్టీరియాకో ఎదురుగా నిలబడుతుంది. అదే మింగితే పేగు గోడ దాటేది కొంతే. దాటినదాన్ని కూడా కాలేయం వెంటనే మార్చేసి బయటికి పంపేస్తుంది. గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాల మీద పోసినప్పుడు కనిపించిన ఫలితానికీ, అమ్మగారి రక్తంలో చేరే ఆ కాస్తకూ పొంతన లేదు. "క్యాన్సర్ కణాలను చంపింది" అనే మాట చాలావరకు ఆ గాజు పళ్లెం మాటే. దయచేసి గడ్డ ఉన్నవాళ్లెవరినీ ఆ మాట మీద ఆగనివ్వకండి.

షుగర్ విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు ఇక్కడ పూర్తి అబద్ధం చెప్పరు, సగం నిజం చెప్తారు. ప్రోపోలిస్ క్యాప్సూళ్లు కొన్ని వారాలు మింగినవాళ్లలో పరగడుపు షుగర్, హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) కొద్దిగా తగ్గినట్టు చూపించిన పరీక్షలు ఉన్నాయి. అవన్నీ కలిపి చూసిన విశ్లేషణల్లోనూ ఆ చిన్న తగ్గుదల కనిపించింది. కానీ ఆ పరీక్షల్లో చాలావాటిలో వాళ్లు షుగర్ మాత్రలు ఆపలేదు, వాడుతూనే దీన్ని అదనంగా తీసుకున్నారు. ఒక్కో చోట ఒక్కో రకం ప్రోపోలిస్, ఒక్కో మోతాదు. కాబట్టి "మాత్ర బదులు చుక్కలు" అనడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. తాడిపత్రి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఎవరో చెప్పారని మాత్రలు మానేసి చుక్కలు మొదలుపెట్టాడు. కాళ్ల తిమ్మిర్లు పెరిగి, బొటనవేలి పక్కన చిన్న పుండు మానకపోతే అప్పుడు షాపుకొచ్చాడు. షుగర్ చూస్తే మీటర్ అంకె 400 దాటింది. నేరుగా పెద్దాసుపత్రికి పంపాను. వేలు నిలబడింది గానీ చాలా రోజులు పట్టింది. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండుకు ఇంట్లో ఏ జిగురూ పూయొద్దు, అది డాక్టరు చూడాల్సిందే.

కోవిడ్ గురించి కూడా కొందరు అడుగుతారు. 2021లో బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన 124 మందిలో కొందరికి మామూలు చికిత్సతో పాటు పచ్చ ప్రోపోలిస్ ఇచ్చి చూశారు. వాళ్లు కొన్ని రోజులు ముందే ఇంటికెళ్లారు, కానీ ఆక్సిజన్ అవసరం పడటంలో తేడా రాలేదు. ఒకే ఆసుపత్రి, ఎవరికి ఏది ఇస్తున్నారో అందరికీ తెలిసే చేసింది. ఆసక్తిగా ఉంది, అంతవరకే.

ఇప్పుడు అమ్మగారి సంగతి. నెలనెలా నోరు పొక్కుతుంటే పూత మందు రెండో పని, కారణం వెతకడం మొదటి పని.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గుతుంది. ఇది అందరికీ తెలిసిన దుష్ప్రభావమే, అయినా మన దగ్గర పరీక్ష చేయించేవాళ్లు తక్కువ. మాంసం, పాలు తక్కువ తినేవాళ్లలో మరీ త్వరగా తగ్గుతుంది. బి12 తగ్గితే నోరు పొక్కడం, నాలుక నున్నగా ఎర్రగా మారడం, మంట, కాళ్లు తిమ్మిరెక్కడం కనిపిస్తాయి. తిమ్మిర్లు షుగర్ వల్లే అనుకుని వదిలేస్తాం. ఇంజెక్షన్లో మాత్రలో వాడితే నెలలోపే నోరు బాగుపడిన వాళ్లను నేను కౌంటర్ అవతల చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు అప్పటికే నోటి పూత జెల్లుల మీద బోలెడు ఖర్చుపెట్టి ఉన్నారు. బి12తో పాటు హిమోగ్లోబిన్, ఐరన్ కూడా చూపించండి.

ఇంకా కొన్ని చూడాలి. కట్టుడు పళ్లు ఉంటే అవి ఎక్కడైనా గీసుకుంటున్నాయా? షుగర్ అదుపులో లేకపోతే నోట్లో తెల్లగా పెరుగు అంటుకున్నట్టు ఫంగస్ వస్తుంది, అది పూత కాదు, దానికి వేరే మందు. గుండెకు నికోరాండిల్ అనే మాత్ర వాడుతుంటే అదీ నోట్లో పుండ్లు తెస్తుంది. నురుగు బాగా వచ్చే టూత్‌పేస్టుల్లో ఉండే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదు. అది లేని పేస్టుకు మారితే పూత తగ్గినవాళ్లున్నారు. పూత ఉన్న రోజుల్లో ఎండుమిరపకాయ ఊరుబిండి పక్కనపెట్టి, సంగటిలోకి మజ్జిగ వేసుకోమనండి. కారం వల్ల పూత పుట్టదు గానీ ఉన్నదాన్ని రేపుతుంది.

ఒకే చోట పుండు మూడు వారాలు దాటినా మానకపోతే ఏ పూతా వద్దు, వెంటనే దంతవైద్యుడికో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి. నొప్పి లేని పుండు, అంచు గట్టిగా ఉన్న పుండు, తెల్ల మచ్చ లేదా ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం ఇవన్నీ నోటి క్యాన్సర్‌కు సూచనలు కావచ్చు. గుట్కా, ఖైనీ, ఆకువక్కలో పొగాకు అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్త. ఒక లారీ డ్రైవరన్న బుగ్గ లోపలి పుండుకు నెలల తరబడి జెల్లులు, తేనె, ఈ చుక్కలు పూసుకుంటూ తిరిగాడు. పూసిన ప్రతిసారీ కాస్త మంట తగ్గేది, అదే అతన్ని ఆసుపత్రికి పోనివ్వలేదు. చివరికి కర్నూలులో ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరే. ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. మూడు నెలలు ముందు వెళ్లి ఉంటే అంత బుగ్గ కోయాల్సి వచ్చేది కాదని సర్జన్ చెప్పారట.

ఇవన్నీ చూపించి, మామూలు పూతే అని తేలాక, మీ దగ్గరున్న సీసా వాడుకోవచ్చు. ముందు దాని లేబుల్ చదవండి. చాలా చుక్కల్లో 60, 70 శాతం ఆల్కహాల్ ఉంటుంది, ఎందుకంటే ఈ జిగురు నీళ్లలో కరగదు. అది పుండు మీద పడితే ప్రాణం లేచిపోయేంత మంట. అమ్మగారికి ఆల్కహాల్ లేని రకం మంచిది. పంటి ఇన్ఫెక్షన్‌కు మెట్రోనిడజోల్ వాడుతున్న రోజుల్లో ఆల్కహాల్ చుక్కలు అసలు వద్దు, వాంతులు, గుండెదడ రావచ్చు. లేబుల్ మీద ఎంత శాతం ప్రోపోలిస్ సారం ఉందో, ఏ ద్రావకంలో తీశారో, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్స్ ఉండాలి. ఆరోగ్య సప్లిమెంటుగా అమ్మేదాని మీద "ఔషధంగా వాడటానికి కాదు" అని రాయాలని మన ఆహార భద్రతా నిబంధనలే చెప్తున్నాయి. మీ సీసా మీద ఆ మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. నోటితో షుగర్ తగ్గిస్తుందని చెప్పి, సీసా మీద ఔషధం కాదని రాసినవాడిని ఎంత నమ్మాలో మీరే చూసుకోండి.

పూసేముందు ఒంటికి పడుతుందో లేదో చూడాలి. ప్రోపోలిస్‌తో వచ్చే పెద్ద ఇబ్బంది అలర్జీ. చర్మం మీద దురద, ఎర్రదనం, పెదవులైతే వాచి పగలడం. ఈ అలర్జీ వెంటనే రాదు, రెండు మూడు రోజులకు బయటపడుతుంది. అందుకే మోచేతి లోపలి మడత దగ్గర కొంచెం, రోజుకు రెండుసార్లు, ఒక వారం పూసి చూడండి. ఏమీ రాకపోతే అప్పుడు నోట్లోకి. పెట్టెలు చూసుకునేవాళ్లలో ఇది ఎక్కువ. మా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడికి ఏళ్ల తరబడి ఏమీ లేదు, తర్వాత వేళ్ల సందులు పగలడం మొదలైంది, చేతి తొడుగులు వేసుకుంటేనే తగ్గింది. ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు దీన్ని మింగొద్దు. పెద్ద మోతాదులో తాగినాయనకు కిడ్నీలు దెబ్బతిని, ఆపాక కోలుకున్న కేసు ఒకటి తైవాన్ నుంచి వైద్య పత్రికల్లో వచ్చింది. గర్భిణులకు, చిన్నపిల్లలకు కూడా వద్దంటాను.

వాడే పద్ధతి ఇదీ. అన్నం తిని నోరు కడుక్కున్నాక పుండు మీద తడిని శుభ్రమైన దూదితో అద్దాలి. చెవులకు వాడే దూది పుల్లతో ఒక్క చుక్క పుండు మీద మాత్రమే అద్ది, అరగంట ఏమీ తినకుండా, తాగకుండా ఉండాలి. రోజుకు రెండు మూడుసార్లు. వారంలో మానాలి. కట్టుడు పళ్లుంటే తీసి పూయండి, లేకపోతే పసుపు మరక పడి పోదు. నొప్పి మరీ ఎక్కువైతే దంతవైద్యులు రాసే స్టెరాయిడ్ పేస్టు దీనికంటే ఖాయంగా పనిచేస్తుంది, దానికి భయపడక్కర్లేదు.

ఇక మీ పెట్టెల సంగతి. ఇంట్లోనే ఉన్నదాన్ని కొనడం ఎందుకనిపించడం సహజం, నాకూ అర్థమవుతుంది. కానీ వద్దనడానికి గట్టి కారణాలున్నాయి.

మొదటిది, మన దగ్గరి ఈగలు ఏ చెట్టు జిగురు తెస్తున్నాయో మనకు తెలీదు. మామిడి తోటలు దగ్గరుంటే మామిడి జిగురు తెస్తాయి. ఆగ్నేయాసియాలో అలాంటి ప్రోపోలిస్‌లో ఆల్కైల్ రిసార్సినాల్స్ అనే పదార్థాలు దొరికాయి, ఇవి చర్మాన్ని పొక్కించే జాతికి చెందినవి. మామిడి సొన తగిలితే మూతి పొక్కేవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? వాళ్లు ఈ జిగురు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. శేషాచలం వైపు గుగ్గిలం చెట్లు ఉన్నచోట ఇంకో రకం రావచ్చు. యూరప్ పరీక్షల ఫలితం వీటికి వర్తించదు.

రెండోది, ఇది మురికిని పట్టుకునే పదార్థం. ఈగలను పీల్చే వర్రోవా పురుగును చంపడానికి పెట్టెల్లో ఫ్లూవాలినేట్ అనే మందు పట్టీలు పెడతాం కదా, ఆ మందు మైనంలోనూ జిగురులోనూ చేరి ఏళ్లు ఉండిపోతుంది. చుట్టుపక్కల తోటల్లో కొట్టే పురుగుమందులు సరేసరి. సీసం కూడా చేరుతుంది, రోడ్డు పక్కన పెట్టెల్లో, పాత రంగులు వేసిన పెట్టెల్లో ఎక్కువ. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదనే నిబంధన అమలైంది 2017 చివర్లో. అంతకుముందు రంగు వేసిన పెట్టె అయితే అంచులు గోకినప్పుడు జిగురుతో పాటు ఆ రంగు పొర కూడా వస్తుంది. నాణ్యంగా తీసేవాళ్లు గోకరు. మూత కింద సన్న సందులున్న ప్లాస్టిక్ జాలీ పెట్టి, ఈగలు దాన్ని పూడ్చాక తీసి, ఫ్రిజ్‌లో గట్టిపరిచి విరుస్తారు. ఆ తర్వాత ల్యాబులో పరీక్షకు పంపుతారు. మా పెట్టెల్లో అలా పెడితే ఏడాదికి ఒక్కో పెట్టె నుంచి పిడికెడు కూడా రాదు.

మూడోది చాలా ముఖ్యం. ఇంట్లో దీన్ని స్పిరిట్‌లోనో శానిటైజర్‌లోనో నానబెట్టి చుక్కలు చేయొద్దు. యూట్యూబ్‌లో ఆల్కహాల్ అంటారు, మన దగ్గర చేతికందేది షాపులో దొరికే స్పిరిట్. అది తాగడానికి చేసింది కాదు, అందులో వేరే రసాయనాలు కలిపి ఉంటాయి. పరిశ్రమలకు వాడే స్పిరిట్‌లో మిథనాల్ ఉంటే కొద్దిపాటికే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి ఎంతమంది చనిపోయారో మనం చూశాం. నా షాపులో ఎవరైనా ప్రోపోలిస్ నానబెట్టడానికి స్పిరిట్ అడిగితే ఇవ్వను.

ఆ జిగురును పెట్టెలోనే వదిలేస్తే మీకే లాభం. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో మార్లా స్పివాక్ బృందం చూసింది ఇదే: గోడలకు జిగురు పూత ఉన్న పెట్టెల్లో ఈగల ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ మీద భారం తగ్గింది. మనం నున్నటి పలకలతో పెట్టెలు చేసి, కనబడిన జిగురల్లా గోకేస్తాం. నేను ఇప్పుడు కొత్త పెట్టెల లోపలి గోడలు గరుకుగా ఉంచుతున్నాను, ఫ్రేములు లేవడానికి అడ్డొచ్చే చోట తప్ప గోకడం మానేశాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో చెట్ల పూత అయిపోయి ఈగలు నీరసించే సమయంలో ఆ గుంపులు నిలబడుతున్నాయి. మీ తోటలోనూ చేసి చూడండి.

బి12, హిమోగ్లోబిన్, హెచ్‌బిఎ1సి రిపోర్టులు వచ్చాక ఆ అంకెలు, అమ్మగారు వాడుతున్న మాత్రల పేర్లన్నీ, సీసా మీది లేబుల్ రాతలు ఇక్కడే పెట్టండి. మాత్రల్లో నోరు పొక్కించేవి ఏమైనా ఉన్నాయేమో చూసి చెప్తాను. బి12 ఇంజెక్షన్ అవసరమా, మాత్రలు చాలా అన్నది మాత్రం షుగర్ చూసే మీ డాక్టరు తేల్చాలి.